మూడో లెవెల్ సీనియర్‌గారు

ఆమెను మొదటిసారి సీనియర్‌గారూ అని పిలిచిన నాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. ఆ ఆఫీసులో చేరి అప్పటికి రెండు రోజులే అయింది.

చేరిన రోజున అక్కడ ప్రోగ్రాములు రాసే మనిషి ఒకతను ఉన్నాడు. కంప్యూటర్ పాస్‌వర్డూ, బీరువా తాళం చెవీ, తను రాసిన ప్రోగ్రాముల అచ్చుకాగితాల కట్టా ఆమె చేతిలో పెట్టి, "నాకు వేరే చోట ఉద్యోగం దొరికిందండీ, ఇవాళే ఆఖరు" అని చెప్పి, సాయంత్రానికి చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. మర్నాడంతా ఆమె ఆ కట్ట ముందేసుకుని ఒక్కతే కూర్చుంది. మూడో రోజు పొద్దున గుమ్మం దగ్గర తల వంచుకుని ఒకతను లోపలికొచ్చాడు. చదువు పూర్తయి నెల కాలేదు. మనిషి వెదురుబొంగులా ఉన్నాడు. ఆ రోజు నుంచీ అతను అందరికీ పొడుగాయన.

యజమాని అతన్ని ఆమె పక్క కుర్చీలో కూర్చోబెట్టి, "ఏ సందేహమొచ్చినా మన సీనియర్‌గారిని అడుగు" అన్నాడు.

ఆమె చుట్టూ చూసింది. గదిలో ఉన్నది ముగ్గురే.

"నేనొచ్చి రెండు రోజులైంది సార్."

"అతనొచ్చి అయిదు నిమిషాలైంది కదా" అన్నాడాయన, నవ్వకుండానే.

ఆ యజమాని అంతకుముందు ఇరవై ఏళ్లు మందుల షాపు నడిపినవాడు. వీధిలో అందరూ మందులాయన అనే అనేవారు. డాక్టర్ల గొలుసుకట్టు రాత చదివీ చదివీ విసిగిపోయి, కనీసం రక్తపరీక్షల రిపోర్టులైనా ఎవరికైనా అర్థమయ్యేట్టు అచ్చులో రావాలని పట్టుబట్టి ఈ కంపెనీ పెట్టాడు. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది బహు తక్కువ. ఒక్క వేలితో టైపు చేసేవాడు, అదీ అక్షరం అక్షరానికీ ఆగి, సరైనదే పడిందా అని తెర వైపు తొంగిచూసి. కానీ ల్యాబుల వాళ్లకు ఏం కావాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కళ్లజోళ్ల దుకాణం మీద ఒకే ఒక్క గది ఆ ఆఫీసు. మెట్లు ఎంత ఇరుకంటే, ఒకరు దిగుతుంటే ఇంకొకరు కింద ఆగాల్సిందే. పొద్దస్తమానం కింది నుంచి అద్దాలు సానపెట్టే మిషను రొద వినిపిస్తూ ఉండేది. మొదటి వారం ఆమెకు అది చెవుల్లో జోరీగలా అనిపించింది. తర్వాత్తర్వాత అది ఆగితేనే తలెత్తి చూసేది. గదిలో మూడు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను. ప్రింటర్ నడిచేటప్పుడు ఫ్యాను ఆపాలి, లేకపోతే కాగితాలన్నీ గాల్లోనే. అందుకని ఎండాకాలంలో రిపోర్టుల నమూనాలు అచ్చు వేసే పనిని పొడుగాయనా ఆమే వంతులు వేసుకునేవారు. ఇద్దరిలో ఎవరి వంతైనా, అచ్చు వేసినంతసేపూ మూడో మనిషైన యజమాని కూడా చెమటలు కక్కుతూ అక్కడే కూర్చునేవాడు. ఒక్కనాడూ మెట్లు దిగి చల్లగాలికి పోలేదు.

సీనియర్‌గారు అన్న ఆ పిలుపు నవ్వులాటగా మొదలైందే గానీ, దానికి ఇంకో పని కూడా ఉండేది. ఏ ల్యాబు నుంచైనా ప్రోగ్రాము మొండికేసిందని ఫోనొస్తే మందులాయన, "ఏం కంగారు పడకండి, మా సీనియర్‌గారిని పంపిస్తున్నాను" అనేవాడు. ఆమె బస్సెక్కి అక్కడికి చేరేసరికి ల్యాబు యజమాని గుమ్మంలోకి వచ్చి, ఆమెను దాటి ఆమె వెనక ఎవరొస్తున్నారా అని చూసేవాడు. మొదట్లో ఆమెకు తల కొట్టేసినట్టుండేది. నాలుగైదుసార్లయ్యాక, "వెనక ఎవరూ లేరండీ, నేనే. కంప్యూటర్ ఎక్కడుంది?" అనడం నేర్చుకుంది.

సీనియర్ అంటే ఆ రోజుల్లో ఆమెకు తెలిసిన అర్థం అదే. తన వెనక ఎవరూ లేకపోవడం. ఏం రాయాలో తనే తేల్చుకోవాలి, తనే రాయాలి, తనే పట్టుకెళ్లి పెట్టాలి, అది పనిచేయకపోతే తనే తిట్లు తినాలి. చదువుకునే రోజుల్లో ఆమె పుస్తకాల్లో చూసిన పద్ధతులు సగం ఆ గదిలో చెల్లేవి కావు. రాసింది ఇంకొకరు చదివి చూడాలని ఉండేది పుస్తకాల్లో. చదవడానికి పొడుగాయన ఒక్కడే, అతనికి తన పనే గొంతు దాకా ఉండేది.

చేరిన రెండో ఏడు ఒక పొద్దున ఫోను మోగింది. మాట్లాడుతున్నది ఒక ల్యాబులో పనిచేసే టెక్నీషియనమ్మ, నెమ్మదైన మనిషి.

"సీనియర్‌గారూ, ఒక చిన్నపాప రిపోర్టు వచ్చిందండీ. రక్తంలో హిమోగ్లోబిన్ నూట పన్నెండు అని పడింది. నేను మిషన్ మీద చూసింది పదకొండు పాయింట్ రెండు. చుక్క ఏమైందంటారు?"

చుక్క ఏమైందో ఆమెకు తెలుసు. ముందు వారం ఒక ల్యాబు వాళ్లు తమ పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో కావాలంటే, జాగా కోసం అంకెల వరుసను ఒక్క గడి కుదించింది. ఆ గడిలో ఉండేది చుక్కే. ఆ మార్పును ఆమె అప్పటికే పంతొమ్మిది ల్యాబుల్లో పెట్టేసి వచ్చింది.

మందులాయన దగ్గరికి వెళ్లి, దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన ఫోను దగ్గరికి లాక్కుని, ల్యాబుల జాబితా ముందు పెట్టుకుని, మొదటి నంబరు తిప్పే ముందు అన్నాడు. "షాపులో ఉన్నప్పుడు నేనొకసారి పెద్దవాళ్ల మోతాదు సీసా పసిపిల్లకి కట్టిచ్చాను. వాళ్లమ్మ వీధి మలుపు తిరిగేలోగా చెప్పుల్లేకుండా పరిగెత్తి పట్టుకున్నా. ఇక్కడ పంతొమ్మిది మలుపులున్నాయి. నేను అందరికీ ఫోన్లు చేసి అచ్చు ఆపిస్తా. మీరు పరిగెత్తండి."

ఆమె పరిగెత్తింది. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు రెండు రోజుల్లో పంతొమ్మిది ల్యాబులూ తిరిగింది. సంచిలో ఫ్లాపీలు, చేతిలో చిరునామాల కాగితం. పొడుగాయన ఆఫీసులో కూర్చుని, ఆ వారంలో అచ్చయిన రిపోర్టులన్నీ ఒక్కొక్క ల్యాబు నుంచి తెప్పించి, పాయింట్ పోయినవాటిని ఎర్రసిరాతో చుట్టి, ఎవరెవరికి కబురు చెప్పాలో రాసిపెట్టాడు. ఎవరికీ ఏ హానీ జరగలేదు. పేగులు నోట్లోకొచ్చినంత పనైందని ఆమె ఇప్పటికీ అంటుంది. అయినా ఆ రెండు రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఆమె మొహంలో వెలుగు చూసినవాళ్లకు, అవి ఆమె జీవితంలో అన్నిటికన్నా మంచి రోజులేమో అనిపిస్తుంది.

పద్నాలుగేళ్లు అలాగే గడిచాయి. ముగ్గురు కాస్తా అయిదుగురై, తొమ్మిది మందయ్యారు. గోడ కొట్టించి పక్క గది కలుపుకున్నారు. ఆమెకు పెళ్లయింది, పాప పుట్టింది. భూములు కొలిచే సర్వేయరు ఆమె భర్త. నెలలో సగం రోజులు ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. ఇంట్లో అత్తగారు తోడుండేది, బడిపంతులమ్మగా చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఆఫీసులో కొత్తగా వచ్చినవాళ్లు, అసలు పేరేమిటో కనుక్కోకుండానే, ఆమెను సీనియర్‌గారనే పిలిచేవారు. ఆ మాట విజిటింగ్ కార్డు మీదకి కూడా ఎక్కింది.

మందులాయనకు చూపు మందగించింది. కింద కళ్లజోళ్ల దుకాణమున్నా తన కళ్లను ఎప్పుడూ పట్టించుకోని మనిషి. ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి, కంపెనీని ఒక పెద్ద కంపెనీకి ఇచ్చేస్తున్నానని, ఒక్కరి ఉద్యోగం కూడా పోదని మాట తీసుకున్నానని చెప్పాడు. ఆ మాట నిలబడింది. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

కొత్త ఆఫీసు పదకొండు అంతస్తులు. లిఫ్టులో అద్దం, దాని పక్కన, మెళ్లో కార్డు చూపిస్తే పలికే పెట్టె. ప్రోగ్రాములు రాసేవాళ్లే ఎనిమిది వందల మంది. అంతమందిలో ఎవరు ఎవరికి చెప్పాలో, ఎవరు ఎవర్ని అడగాలో తెలియడానికి వాళ్లకు ఒకటి నుంచి ఎనిమిది దాకా లెవెళ్లుండేవి. లెవెల్ ఒకటంటే ఇచ్చిన పని చూపించినట్టు చేసేవాళ్లు. నాలుగు నుంచి సీనియర్. ఏడూ ఎనిమిదీ అయితే మొత్తం కంపెనీకి దారి చూపేవాళ్లట. వాళ్లను ఆమె మొదటి ఏడాది లిఫ్టులో తప్ప చూడలేదు. కొత్తగా వచ్చిన తొమ్మిది మందినీ ఏ లెవెల్లో కూర్చోబెట్టాలో తేల్చడానికి ముగ్గురు పెద్దల ప్యానెల్ ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడింది.

"మీ నిర్ణయాలు ఎన్ని టీముల మీద ప్రభావం చూపించాయి?" అని అడిగారు.

"మా దగ్గరుండేది ఒకటే టీమండీ."

"ఇతర టీములతో అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఎలా పరిష్కరించారు?"

ఆమె ఆలోచించింది. "ఇతర టీములు ఉండేవి కాదండీ. మాలో మాకొస్తే టీకి వెళ్లొచ్చేవాళ్లం."

ప్యానెల్లో ఒకాయన నవ్వాడు, మర్యాదగానే. ఇంకొకాయన ఏదో రాసుకున్నాడు. పంతొమ్మిది ల్యాబుల సంగతి చెబుదామా అనుకుంది గానీ, వాళ్లు అడిగిన ఏ ప్రశ్నలోనూ అది పట్టలేదు. పైగా అది తన తప్పుతో మొదలైన కథ.

వారం తర్వాత ఎవరి కాగితం వాళ్లకిచ్చారు. ఆమెది మూడు. పొడుగాయనది నాలుగు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో పొడుగాయన ఆమె ఎదురుగా పళ్లెం పెట్టుకుని కూర్చున్నాడు. తినలేదు.

"వాళ్లడిగిన ప్రతిదానికీ మీరు 'మేము' అనే చెప్పుంటారు" అన్నాడు.

"మరి మేమే కదా చేసింది."

"నేను 'నేను' అన్నాను. వీళ్ల దగ్గర పనిచేసే మా బావమరిది ముందే చెప్పాడు, మేము అంటే వాళ్ల చెవికెక్కదని. మీకు చెప్పాలనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను, ఈలోపు ఆ రోజొచ్చేసింది."

ఆమెకు కోపం వచ్చింది. పద్నాలుగేళ్లలో ఆ మనిషి మీద ఎన్నోసార్లు విసుక్కుంది గానీ, కోపం రావడం అదే మొదలు. కానీ అతని ముందు పళ్లెం చల్లారిపోతోంది. ఆకలికి ఆగలేని మనిషని ఆమెకు తెలుసు.

"తిను ముందు" అంది.

ఇంటికెళ్లి కాగితం బల్ల మీద పెట్టింది. కూతురు వచ్చి దాన్ని కూడబలుక్కుని చదివింది. అప్పుడు ఆ పిల్ల చదివేది మూడో తరగతి.

"అమ్మా, నువ్వూ మూడేనా?" అంది సంబరంగా. "అయితే మనిద్దరం ఒకే క్లాసు."

సర్వేయరుకు నవ్వాగలేదు. భార్య మొహం చూసి, నవ్వును దగ్గులోకి మార్చుకుని, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు. అత్తగారు మాత్రం కళ్లజోడు పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా మొదటి ఉద్యోగం ఒక చిన్న బడిలో" అంది. "ఇరవై ముగ్గురు పిల్లలు, టీచర్ని నేనొక్కదాన్నే. అంచేత హెడ్మిస్ట్రెస్‌ని కూడా నేనే. గుమ్మం మీద బోర్డు కూడా రాయించుకున్నాను. ఆరేళ్లకు పెద్దబడికి బదిలీ చేశారు. అక్కడ నలభైమంది టీచర్లు. నాకిచ్చింది రెండో తరగతి, బి సెక్షను. మొదటి ఆరు నెలలూ హెడ్మాస్టరు గది ముందునుంచి నడిచేదాన్ని కాదు. వెనకనుంచి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని."

"తర్వాత?"

"తర్వాత వానాకాలం వచ్చింది. వెనకంతా బురద. ముందునుంచే వెళ్లడం మొదలుపెట్టాను" అంది అత్తగారు. "ఇంకోటి కూడా చెప్పాలి. ఒక్కదాన్నే ఉన్నప్పుడు లెక్కల పాఠం బాగా చెబుతున్నాననే అనుకునేదాన్ని. పక్క సెక్షన్లో ఒకావిడ చెప్పడం విన్నాక గానీ తెలియలేదు, అంతకాలం పిల్లలు నా మొహం చూసి అర్థమైందని తలూపేవాళ్లని."

ఆ మాట ఆమెకు అప్పుడు రుచించలేదు. అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది.

కొత్త చోట ఎవరు ఏది రాసినా ఇంకొకరు చదివి ఒప్పుకున్నాకే ముందుకు పోవాలి. ఆమె రాసినదాన్ని చదివే పని లెవెల్ అయిదులో ఉన్న ఒక అమ్మాయిది. ఇరవై ఏడేళ్లుంటాయి, తలెత్తి మాట్లాడటం తక్కువ. ఆమె రాసిన మొదటి పని మీద ఆ అమ్మాయి నలభై ఒక్క కామెంట్లు పెట్టింది. ఇది ఎందుకిలా? ఈ పేరు చూసి కొత్తవాళ్లకు ఏం అర్థమవుతుంది? ఇది ఖాళీగా వస్తే ఏమవుతుంది? దీన్ని సరిచూసే పరీక్షేది? చదువుతుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. నేను ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టేనాటికి ఈ పిల్ల ఇంకా బడి దాటి ఉండదు అనుకుంది. అప్పటినుంచీ ఆ అమ్మాయిని మనసులో కామెంట్లమ్మాయి అనే పిలుచుకుంది.

అయితే ఆమె నిజాయితీ ఉన్న మనిషి. నలభై ఒకటీ కాగితం మీద రాసుకుని, అన్యాయంగా పెట్టినవాటిని కొట్టేస్తూ పోదామని కూర్చుంది. ఆరు కొట్టేయగలిగింది. ఇరవై రెండో కామెంటు దగ్గర చాలాసేపు ఆగింది. అంకెలు పట్టే గడి కుదించినప్పుడు లోపలి అంకె తెగిపోకుండా ఏం కాపాడుతుంది అని ఉంది అక్కడ. చిన్న పరీక్ష ఒకటి రాసిపెడితే, ఎవరెప్పుడు గడి కుదించినా ప్రోగ్రామే అరిచి చెబుతుందట. రాయడానికి పావుగంట పట్టింది. ఇదెవరైనా ఆ గదిలో తనకు చెప్పి ఉంటే, పంతొమ్మిది బస్సులు ఎక్కే అవసరమే ఉండేది కాదు. చెప్పేవాళ్లెవరూ ఆ గదిలో లేరు. అక్కడ తనే సీనియర్.

ఆ తర్వాత ఆమె కామెంట్లమ్మాయి బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చోవడం మొదలుపెట్టింది. తెలియనిది తెలియదని అడిగేది. ఆ అమ్మాయి మొదట బిక్కచచ్చిపోయింది; తనకన్నా పన్నెండేళ్లు పెద్దావిడ వచ్చి అడుగుతుంటే ఎటు చూడాలో తెలిసేది కాదు. నెమ్మదిగా మాటలు కలిశాయి. మాటల్లో తేలిందేమిటంటే, ఆ అమ్మాయి ల్యాబుల ప్రోగ్రాము మీదే మూడేళ్లుగా పనిచేస్తోంది గానీ, ఒక్క ల్యాబులోనూ అడుగు పెట్టలేదు.

"ఒక్కసారి కూడానా?"

"దానికి వేరే టీముందండీ. వాళ్లు చూసి రాసి పంపిస్తారు. మేం చదువుకుంటాం."

"రేపు పొద్దున్నే తొమ్మిదింటికి బస్టాపు దగ్గరికి రా" అంది ఆమె.

పాత ల్యాబుల్లో ఒకదానికి తీసుకెళ్లింది. అక్కడ టెక్నీషియను ఒకాయన వరసగా రిపోర్టులు ఎక్కిస్తున్నాడు. ఆయన కీబోర్డు మీద పై వరసలో ఒక మీట మీద గాయానికేసే ప్లాస్టరు ముక్క అంటించి ఉంది.

"ఇదేంటండీ?" అని అడిగింది కామెంట్లమ్మాయి.

"అది ముట్టుకుంటే అప్పటిదాకా ఎక్కించిందంతా చెరిగిపోతుందమ్మా. గ్లవ్సులేసుకున్న చేత్తో ఎన్నిసార్లు తగిలిందో. అందుకని కట్టు కట్టాను" అన్నాడాయన, తన తెలివికి తనే మురిసిపోతూ.

ఆ మీటకు ఆ పని పెట్టింది ఆ అమ్మాయే. సరిచూసే పరీక్షలు రాసి, నలుగురితో చదివించి, ఒక్క కామెంటు కూడా మిగలకుండా పంపిన పని అది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగేముందు, "వచ్చే నెల ఇంకోటి చూపిస్తారా?" అని అడిగింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు వాళ్లిద్దరూ నెలకొక ల్యాబు చొప్పున తిరిగారు. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గరుందని ఇద్దరికీ తెలుసు గానీ, ఆ మాట ఎప్పుడూ పైకి అనుకోలేదు. కామెంట్లు మాత్రం తగ్గలేదు. పదకొండుకు తగ్గినరోజు ఆమె ఆఫీసు నుంచి ఇంటికి ఫోను చేసి మరీ అత్తగారికి చెప్పింది.

నాలుగో లెవెల్‌కు మూడేళ్లు పట్టింది, అయిదుకు ఇంకో నాలుగు. నాలుగు వచ్చిన రోజు కాగితం మీద సీనియర్ అన్న మాట మళ్లీ కనిపించింది. ఆమె దాన్ని చూసి సంతోషించాలని ప్రయత్నించింది. అప్పటికి ఆమె చేసే పని ఎనిమిది వందల మంది చేసే పనిలో ఒక చిన్న ముక్క; ఆ ముక్కను మాత్రం కుట్టు కనపడకుండా చేయగలిగేది. పొడుగాయన ఈలోగా అక్కడ మానేసి, నలుగురున్న చోట పెద్ద పేరున్న పదవిలో చేరాడు. వాళ్లు అరవై మందయ్యేసరికి అతని పైన ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఫోనులో, "ఏమయ్యా, ఎక్కావా దిగావా?" అని అడిగితే, "కూర్చున్నచోటే కూర్చున్నానండీ, చుట్టూ జనం పెరిగారు" అన్నాడు. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. క్యాంటీన్ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

ఆ మధ్యలోనే ఒక వర్షాకాలపు పొద్దున మందులాయన పోయాడని కబురొచ్చింది. ఆమె వెళ్లింది. పొడుగాయన అప్పటికే వచ్చి గోడవారగా నిలబడి ఉన్నాడు. లోపల మందులాయన భార్య చుట్టాల మధ్య కూర్చుని ఉంది. ఆవిడను ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. దగ్గరికి వెళ్లి తన పేరు చెప్పింది. ఆవిడ పోల్చుకోలేకపోయింది, ఎవరో దూరపు బంధువేమో అనుకుని తలూపింది. పొడుగాయన ముందుకొచ్చి, "సీనియర్‌గారమ్మా" అన్నాడు. అంతే, ఆవిడ రెండు చేతులూ చాచి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"అన్నం దగ్గర కూర్చుంటే మీ కబుర్లేనమ్మా. సీనియర్‌గారు ఇవాళ ఇలా చేశారు, అలా అన్నారు అని. మీరు నాకన్నా పెద్దావిడనుకున్నాను నేను" అంది.

ఆ రోజు లోపల అంతమంది ఉన్నా ఆమె ఏడ్వలేదు. వీధిలోకొచ్చి, చెప్పులేసుకోవడానికి వంగినప్పుడు ఏడ్చింది.

యాభయ్యో ఏట ఆమె ఆ పదకొండంతస్తుల ఆఫీసు వదిలింది. ఎవరూ పొమ్మనలేదు. ఒక డాక్టరమ్మ ఆసుపత్రుల్లో రోగులు వరసల్లో గంటలకొద్దీ నిలబడకుండా ఎవరి వేళకు వాళ్లు వచ్చేట్టు చేసే ప్రోగ్రాము ఒకటి తయారు చేయిస్తోంది. మొదట ఆవిడ దగ్గర ప్రోగ్రాములు రాసేవాడు ఒక్కడే. ఇప్పుడు ఇరవై ఇద్దరయ్యారు. ఎవరి పని ఎవరిదో తెలియక రోజూ పేచీలు. పెద్ద కంపెనీలో చేసివచ్చిన మనిషి కావాలని డాక్టరమ్మ వాకబు చేస్తే, కామెంట్లమ్మాయి ఆమె పేరు చెప్పింది.

"మాక్కూడా అక్కడ ఉన్నట్టు ఎనిమిది లెవెళ్లు రాసిపెట్టండి" అంది డాక్టరమ్మ.

"ఇరవై ఇద్దరికి ఎనిమిదా అమ్మా? లెవెల్‌కి ముగ్గురు కూడా రారు. మూడు చాలు. మనుషులు పెరిగితే అప్పుడు చూద్దాం."

మూడు రాయడం తేలికే. ఎవరు దేనికి అన్నదే కష్టం. అందులోనూ అందరికన్నా ముందొచ్చిన ఆ ఒక్కడు. అతన్ని అందరూ చీఫ్ అనేవారు. ఆరేళ్ల కిందట డాక్టరమ్మ ఇంటి వరండాలో కూర్చుని మొదటి ప్రోగ్రాము రాసినవాడు. చురుకైనవాడు, ఏ ఆసుపత్రి నుంచి ఫోనొచ్చినా తనే ఎత్తేవాడు. కానీ ఇంకొకరికి పని అప్పజెప్పలేడు. తను రాసింది ఎవరైనా ముట్టుకుంటే మళ్లీ తిరగరాసేవాడు. ఇద్దరు మంచి పిల్లలు అతని దగ్గర ఇమడలేక వెళ్లిపోయారు కూడా. టీము పెద్దగా బయటినుంచి అనుభవమున్న మనిషిని తేక తప్పదని ఆమెకు మొదటి నెలలోనే తెలిసిపోయింది. చెప్పడానికి ఇంకో నెల పట్టింది.

కాగితం ఇచ్చి పంపవచ్చు. డాక్టరమ్మ కూడా అదే అంది. ఆమె ఒప్పుకోలేదు. ఒక మధ్యాహ్నం అతన్ని వెంటబెట్టుకుని ఆఫీసు వెనక వీధిలోకి నడిచింది. నడుస్తూనే ఉన్నదున్నట్టు చెప్పింది: నీ పైన ఒకరు వస్తారు, నిన్ను నడిమి లెవెల్లో పెడుతున్నాం, ఎందుకో ఇదీ, ఇదీ అని. తన మూడో లెవెల్ సంగతీ, చుట్టూ తిరిగి వెళ్లిన అత్తగారి సంగతీ చెప్పింది.

అతను చివరిదాకా విన్నాడు. "మీరు చెప్పిందాంట్లో అబద్ధం లేదండీ" అన్నాడు. "కానీ వరండాలో నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా నేనే ఉన్నాను. అది ఏ లెవెల్లో రాస్తారు?"

"ఎందులోనూ పట్టదు" అంది ఆమె.

ఎనిమిదో రోజు అతను రాజీనామా ఇచ్చాడు. డాక్టరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తను ఇంకోలా చెప్పి ఉండాల్సిందా, ఇంకాస్త ఆగి ఉండాల్సిందా అని ఆమె చాలాకాలం మథనపడింది. కొత్తగా వచ్చిన పెద్ద మనిషి మంచివాడే. టీము కుదుటపడింది, వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకరు తిరిగొచ్చారు కూడా. కాబట్టి చేసింది తప్పని చెప్పడానికి లేదు. ఒప్పని చెప్పుకోవడానికి ఆమెకు మనసొప్పేది కాదు.

ఏడాదిన్నర తర్వాత ఒక మంగళవారం పొద్దున్నే మీటింగుకు వెళ్లబోతుంటే ఒకప్పటి ఆ చీఫ్ ఫోను చేశాడు. క్షేమసమాచారాలు అడిగాడు. పళ్ల డాక్టర్లకు పనికొచ్చే ప్రోగ్రాము ఒకటి సొంతంగా మొదలుపెట్టానన్నాడు. తనతో కలిపి ముగ్గురట.

"ఒకమ్మాయి చేరిందండీ. చాలా గట్టిది. మొన్న ఒక డాక్టరుగారు మధ్యాహ్నం ఫోను చేస్తే, నేను లేనని తనే ఆటో ఎక్కి వెళ్లిపోయి సరిచేసి వచ్చింది. నేను ఎలా చేస్తానో అలా చేయలేదు, వేరేలా చేసింది. చూసి తిరగరాద్దామనుకున్నాను. రాయలేదు."

"రాయలేదా?"

"రాయలేదు. తనది బాగుంది."

మీటింగు గదిలోంచి ఎవరో తలుపు తీసి ఆమె వైపు చూశారు. మీరు మొదలుపెట్టండని ఆమె చేత్తో సైగ చేసి, నడవాలో కిటికీ పక్కనున్న బల్ల మీద కూర్చుంది.

"గది ఎక్కడ తీసుకున్నారు?" అని అడిగింది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. గది ఎంత ఉంటుందో, కిటికీ ఎటు వైపో, వాన పడితే ఏ మూల కారుతుందో, ప్రింటరు ఎవరి దగ్గర కొన్నదో, ముగ్గురిలో ఎవరు ముందొచ్చి తలుపు తీస్తారో. ఆమె ఊఁ కొడుతూ వింటోంది. ముగ్గురిలో ఎవరు ముందొస్తారన్న దగ్గర ఆపి, మళ్లీ చెప్పమంది.